ఊపిరి ఒక డిస్కులో, మాట ఒక డిస్కులో

"వంట చాలా రుచికరంగా ఉంది. మీ శ్రమకు ధన్యవాదాలు" అంది డబ్బా.

నా ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఓదెలు నా వంటకు ధన్యవాదాలు చెప్పిన పాపాన పోలేదు. పైగా ఆ రోజు పప్పుచారు ఉప్పు కషాయం. ఆయన వేళ్ళు కాలి కొంకర్లు పోయాయి కాబట్టి ముద్ద నేనే కలిపి పెడుతున్నాను. రెండో ముద్దకే మొహం చిట్లించాడు. మెడ మీది నరాలు ఉబ్బేలా ఏదో గట్టిగా అన్నాడు. ఏమని ఉంటాడో నాకు తెలియదా? ఆయన నోట్లోంచి గాలి కూడా రాలేదు. మెడకున్న పట్టీ మీద పచ్చ లైటు వెలిగింది, బల్ల మీది కంప్యూటరు ఒక్క క్షణం ఆలోచించింది, పక్కనున్న స్పీకరు పెళ్ళికి పిలవడానికొచ్చిన చుట్టంలాగ మెత్తగా ఆ ముక్క పలికింది. ఓదెలు నా మొహంలోకి చూసి, చూపు గోడ వైపు తిప్పుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఏందయ్యా, ఉప్పు ఎక్కువైందా?" అన్నాను.

తల ఊపాడు. నోరు మళ్ళీ కదిలింది.

"దయచేసి మీరు కూడా భోజనం చేయండి" అంది డబ్బా.

కంచం ఎత్తి ఆ స్పీకరు మీదికి విసిరేద్దునా అనిపించింది. విసరలేదు. ఎందుకంటే ఆ పాడు డబ్బానే మా ఆయనకు ఊపిరి.

మాది గోదావరిఖని. బాయి అంటే మా దగ్గర బొగ్గుగని. ఓదెలు నల్లగుట్ట ప్రైవేటు బాయిలో మైనింగ్ సర్దార్. అందరికన్నా ముందు మీటరు పట్టుకుని లోపలికి పోయి, గ్యాస్ ఎంతుందో చూసి, రిజిస్టరులో రాసి సంతకం పెట్టడం సర్దార్ పని. ఆయన సరే అన్నాకే మిగిలినవాళ్ళు పనిలోకి దిగుతారు. ఐదు నెలల కింద ఒక పొద్దుటి షిఫ్టులో గ్యాస్ అంటుకుంది. ముగ్గురు చచ్చిపోయారు. అందులో ఒకడు మా ఎదురింటి మల్లేశం. ఓదెలు బతికాడు గానీ మంట గొంతులోకి దిగింది. డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. ఊపిరి ఆడించే నరం కూడా సగం చచ్చిందన్నారు.

అప్పుడు బాయి యాజమాన్యమే ఈ డబ్బాను ఇప్పించింది. దాని పేరు సౌమ్య. పేరు పెట్టినవాడి నోట్లో మన్ను పడ. మెడపట్టీ రెండు పనులు చేస్తుంది. మనిషి మాట్లాడాలనుకున్నప్పుడు గొంతు కండరాల్లో పుట్టే కదలికను పట్టి కంప్యూటరుకు పంపుతుంది, అది మాటగా చేసి పలుకుతుంది. రెండోది, ఊపిరి నరాన్ని క్షణక్షణం తట్టి లేపుతుంటుంది. తట్టకపోతే ఓదెలు తన ఊపిరి తనే గుర్తుపెట్టుకుని పీల్చాలి. ఎత్తు మీదికి సైకిలు తొక్కినంత కష్టం. ఇరవై నిమిషాలకు మించి తొక్కలేడు.

ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే బాయివాళ్ళు వచ్చి వాంగ్మూలం తీసుకున్నారు. నన్ను బయట కూర్చోబెట్టారు. ఓదెలు అరగంట నోరు కదిపాడట. సౌమ్య పలికింది మాత్రం ఒక్క వాక్యం. "నా పొరపాటు వల్ల జరిగిన నష్టానికి చింతిస్తున్నాను. నాకు ఎవరిపైనా ఫిర్యాదు లేదు."

అంతే! మూడు చావులూ మా ఆయన నెత్తి మీదికి వచ్చాయి. సర్దార్ గ్యాస్ చూడకుండానే రిజిస్టరులో సున్నా రాశాడన్నారు. సంతకం చూపించారు. అది దొంగ సంతకం అని నేను అక్కడే అరిచాను. ఇంటికొచ్చాక ఓదెలును అడిగాను, "దొంగ సంతకమే కదయ్యా?" అని. ఆయన కళ్ళు మూసుకున్నాడు. అవునన్నట్టే తీసుకున్నాను.

మల్లేశం పెళ్ళాం కనకక్క ఆ రోజు నుంచి మా గుమ్మం వైపు చూడలేదు. అంతకుముందు మా ఇంట్లో పెరుగు తోడు లేకపోతే అడక్కుండా తెచ్చి పెట్టే మనిషి. ఇప్పుడు నేను నల్లా దగ్గరికి పోతే సగం నిండిన బిందె ఎత్తుకుని వెళ్ళిపోతుంది. ఆమెది తప్పనలేను. మొగుణ్ణి చంపినవాడు ఎదురింట్లో కూర్చుని ధన్యవాదాలు చెప్తుంటే ఎవరు సహిస్తారు?

చివరి విచారణ పద్దెనిమిదో తారీఖున. ఆ రోజు ఆ వాంగ్మూలం తిరగబడకపోతే ఓదెలు పేరు పక్కన ముగ్గురి చావు శాశ్వతంగా రాసేస్తారు. తల ఊపి చెప్పిస్తానంటే విచారణవాళ్ళు ఒప్పుకోలేదు. ధ్రువీకరించిన గొంతు ఇచ్చినప్పుడు సైగలు చెల్లవట. ఏం రూలు! నోరు మూయించి, ఆ నోటితోనే చెప్పమంటున్నారు.

సౌమ్య కంపెనీ నుంచి సాకేత్ అని ఒక ఇంజనీరు వచ్చాడు. పిల్లవాడేం కాదు, నలభై ఉంటాయి, మాట మాత్రం పంచదార. కుర్చీలో కూర్చుని ఓపిగ్గా చెప్పాడు.

"మేడమ్, కాలిన గొంతు నుంచి సిగ్నల్ పూర్తిగా రాదు. పది ముక్కలకు మూడు వస్తాయి. మిగతా ఏడూ సిస్టమ్ ఊహించి నింపుతుంది. మర్యాదైన వాక్యాల మీదే దాన్ని తయారు చేశాం. తిట్లు, ఆరోపణలు రాకుండా జాగ్రత్త పడ్డాం. అది మా పాలసీ."

"అంటే మా ఆయన కోపం మీ పాలసీలో లేదా?"

"సర్ కోపంగా ఉన్నారని మీరనుకుంటున్నారు."

"నేననుకునుడేంది? మొఖం జూడు! నీకు కండ్లు లెవ్వా?"

సాకేత్ ఓదెలు మొహం చూడలేదు. తెర మీద గ్రాఫు చూశాడు. "స్ట్రెస్ నార్మల్‌గానే ఉంది మేడమ్" అన్నాడు. ఓదెలు కుర్చీ చేతిని మోచేత్తో దబదబా కొట్టాడు. "మీ సందర్శనకు కృతజ్ఞతలు" అంది సౌమ్య. సాకేత్ నవ్వి లేచాడు.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. నేనేం అడవిలోంచి రాలేదు. బస్టాండు రోడ్డులో ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నాది. ఊళ్ళో సగం మిషన్లు నా స్క్రూడ్రైవరు కిందికి వచ్చినవే. ఒకే మిషన్‌లో రెండు సిస్టమ్‌లు పెట్టడం నాకు కొత్త కాదు. తండ్రి లెక్కల సాఫ్ట్‌వేరుకు ఒకటి, కొడుకు చదువుకు ఒకటి అని ఎంతమందికి పెట్టివ్వలేదు!

సౌమ్య డబ్బా విప్పి చూస్తే లోపల మామూలు బోర్డే. నేను దుకాణంలోంచి పెద్ద క్యాబినెట్ తెచ్చాను, మంచి ప్రాసెసరు వేశాను, ఓదెలు తనే ఊపిరి తీసుకోగల ఇరవై నిమిషాల్లోపే సౌమ్య డిస్కును యథాతథంగా ఒక పక్క బిగించాను. ఇంకో పక్క కొత్త డిస్కు పెట్టి, ఎవరికీ కట్టుబడని ఉచిత సిస్టమ్ ఎక్కించాను. దాని మీద ఎప్పుడో ఒక యూనివర్సిటీవాళ్ళు సగంలో వదిలేసిన మాటల ప్రోగ్రాము దొరికితే తెచ్చి పెట్టాను. సౌమ్యను ఈ కొత్త సిస్టమ్ కడుపులో పెట్టి రెండూ ఒకేసారి నడిపిద్దామని కూడా చూశాను. దొంగముండ కనిపెట్టేసి మొరాయించింది. మెడపట్టీలో ఊపిరి తట్టే చిప్ కూడా సౌమ్య తాళంచెవికి తప్ప ఇంకెవరికీ పలకదు. నాలుగు రోజులు తల బద్దలు కొట్టుకున్నా అది లొంగలేదు.

కాబట్టి చివరికి మిగిలింది ఇది. మిషన్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద రెండు పేర్లు వస్తాయి. పైన సౌమ్య. కింద నేను పెట్టిన పేరు, ఓదెలు. పైది నొక్కితే ఊపిరి ఉంటుంది, మాట ఉండదు. కిందిది నొక్కితే మాట ఉంటుంది, ఊపిరి ఆయనే చూసుకోవాలి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారాలంటే మిషన్ ఆర్పి లేపాలి. అందుకు నిమిషం నలభై సెకన్లు. ఆ నిమిషం నలభైలో రెండూ ఉండవు.

ఓదెలుకు ఇదంతా చెప్పాను. "ఒప్పుకుంటవా? పానం మీదికి తెచ్చుకునుడే" అన్నాను. నా మాట పూర్తికాకముందే తల ఊపాడు.

ఒక చిక్కుంది. నా సిస్టమ్ కూడా ఊహించి నింపాల్సిందే కదా. దానికి ఓదెలు మాటతీరు నేర్పాలి. ఆయన గొంతు రికార్డు ఒక్కటి లేదు. పెళ్ళి వీడియోలో కూడా భోజనం చేస్తూనే కనిపిస్తాడు. అందుకని నేనే మైకు ముందు కూర్చుని, దుకాణం మూసి, వారం రోజులు ఆయనలాగ మాట్లాడాను. ఆయన నన్ను తిట్టినవి, నేను ఆయన్ని తిట్టినవి, బాయి గురించి, చక్రధర్ అనే అండర్ మేనేజర్ గురించి ఇంటికొచ్చి అరిచినవి, ఏదీ వదల్లేదు. ఆరు వేల వాక్యాలు. గొంతు బొంగురుపోయింది. అన్నీ కోపంగానే చెప్పాను. అప్పుడు ఇంకోలాగ చెప్పడం నాకు చేతకాలేదు.

మొదటిసారి కిందిపేరు నొక్కిన రోజు మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నర. మెడపట్టీ లైటు ఆరిపోయింది. ఓదెలు ఊపిరి గట్టిగా పీల్చాడు, వదిలాడు, మళ్ళీ పీల్చాడు. తర్వాత నోరు కదిపాడు.

"ఐదు నెలల సంది నా నోట్లకెల్లి వాడెవడో మాట్లాడ్తున్నడే స్వరూపా. వాని నోట్లె మన్నువడ!"

నేను నేల మీద కూలబడి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. నా మొగుడు తిరిగొచ్చాడు. ఆయన కూడా నవ్వబోయాడు, నవ్వితే ఊపిరి తప్పింది, కంగారుపడ్డాడు. "నవ్వకు నవ్వకు, గాలి దీస్కో" అని వీపు నిమిరాను.

"ఉప్పు జూసి ఎయ్యరాదే" అన్నాడు మళ్ళీ. "పప్పుచారు తాగిన్నా, సముద్రం తాగిన్నా!"

"ఊకో! సావు నోట్లకెల్లి వచ్చి గిదా నువ్వడిగేది?"

పద్దెనిమిది నిమిషాలు పోట్లాడుకున్నాం. పెదాలు నీలంగా మారాక నేనే మిషన్ ఆర్పాను. ఆ నిమిషం నలభై సెకన్లు ఆయన చేయి పట్టుకుని లెక్కపెట్టాను. సౌమ్య లేచి ఊపిరి తట్టగానే కళ్ళు మూసుకుని పడుకున్నాడు. ఒళ్ళంతా చెమట. సాయంత్రం దాకా లేవలేదు.

మరో రెండు రోజులు ఆగి రికార్డింగు మొదలుపెట్టాను. ఆ పొద్దు బాయిలో ఏం జరిగిందో చెప్పమన్నాను. "నేను మూడుసార్లు ఫోన్ జేసిన. గ్యాస్ ఎక్కువున్నదని చెప్పిన. చక్రధర్ నడిపియ్యుమన్నడు" అంది సిస్టమ్. నాకు కడుపు నిండింది. చెప్పమన్న ప్రతిసారీ అదే వచ్చింది. ఓదెలు మాత్రం తల అడ్డంగా ఊపేవాడు, మళ్ళీ నోరు కదిపేవాడు, మళ్ళీ అదే వాక్యం వచ్చేది. అలసటతో చిరాకుపడుతున్నాడనుకున్నాను. "సాలు, మంచిగ జెప్పినవ్" అని ఆపేశాను. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆ రికార్డింగును విచారణాధికారికి పంపాను. మూడో రోజు తిరిగొచ్చింది. కల్పితమట! పొద్దున పది గంటలకు మేం చేసిన రికార్డింగు మీద మధ్యాహ్నం మూడున్నర అని పడింది. అదే రోజు మూడున్నరకు ఓదెలు ఆసుపత్రిలో పరీక్షలకు కూర్చున్నాడు, బ్యాటరీ మీద వెంట తీసుకెళ్ళిన మిషన్‌లో సౌమ్య ఊపిరి తడుతోంది, రుజువు సౌమ్య దగ్గరే ఉంది. ఒకే మనిషి రెండుచోట్ల ఎట్లా ఉంటాడని రాశారు.

ఆ కాగితం చదివి నా చెంప నేనే వాయించుకున్నాను. ప్రతి మిషన్ బోర్డు మీద చిన్న బ్యాటరీతో నడిచే గడియారం ఉంటుంది. సౌమ్య అందులోది మన టైమే అనుకుంటుంది. నేనెక్కించిన సిస్టమ్ దాన్ని లండన్ టైమనుకుని ఐదున్నర గంటలు కలుపుకుంటుంది. ఒక మిషన్‌లో రెండు సిస్టమ్‌లు పెట్టిన ప్రతివాడికీ వచ్చే తిప్పలే ఇవి. ఇరవై ఏళ్ళుగా ఎంతమందికి నవ్వుతూ సరిచేశాను! సెట్టింగులో ఒక్క లైను మార్చితే పోతుంది. మొగుడి ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆ ఒక్క లైను మర్చిపోయాను. సాకేత్ మీద అరిచినంత గట్టిగా నా మీద నేను అరుచుకున్నాను. ఓదెలు వింటూ కూర్చున్నాడు. "ప్రశాంతంగా ఉండండి" అంది సౌమ్య. ఆ రోజు దాన్ని ఎందుకు పగలగొట్టలేదో నాకే తెలియదు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. పద్దెనిమిదో తారీఖున, అందరి ముందు, ఎదురుగానే చెప్పాలి.

విచారణ బాయి క్లబ్బు హాల్లో పెట్టారు. పొద్దున పదకొండు. క్యాబినెట్‌ను చీరలో చుట్టి, దారిలో ఆగకుండా దుకాణంలోని బ్యాటరీకి తగిలించి ఆటోలో తెచ్చి బల్ల మీద పెట్టాను. విచారణాధికారి శారదాంబగారు మధ్యలో కూర్చున్నారు. ఒక పక్క బాయివాళ్ళు, వాళ్ళతో సాకేత్. చక్రధర్ చివరి కుర్చీలో ఫోను చూసుకుంటున్నాడు. వెనక వరసలో కనకక్క, కొంగు భుజం నిండా కప్పుకుని.

మొదట సౌమ్య చేత చెప్పించారు. అదే పాట. "నా పొరపాటు వల్ల జరిగిన నష్టానికి చింతిస్తున్నాను."

"మేడమ్, ఇది మా ఆయన మాట కాదు" అన్నాను లేచి. "మీరు జర ఇంకోటి గూడ వినుండ్రి. రెండు విన్నంక మీకేది తోస్తే అది రాసుకోండ్రి."

శారదాంబగారు కళ్ళద్దాలు తీసి ఓదెలు వైపు చూశారు. ఐదు నెలల్లో ఆయన మొహం చూసిన మొదటి అధికారి ఆమె. "వినడానికేం? కానివ్వండి" అన్నారు.

ఆర్పి లేపాను. నిమిషం నలభై. కిందిపేరు నొక్కాను. ఓదెలు ఊపిరి తీసుకుని మొదలుపెట్టాడు.

"నేను మూడుసార్లు ఫోన్ జేసిన. గ్యాస్ ఎక్కువున్నదని చెప్పిన. ఈ లంగగాడు చక్రధర్ నడిపియ్యుమన్నడు!"

హాలంతా గొల్లుమంది. చక్రధర్ ఫోను పక్కన పెట్టాడు. నేను పొంగిపోయాను. అప్పుడు సాకేత్ నెమ్మదిగా లేచాడు.

"మేడమ్, ఒక్క ప్రశ్న. ఈ సిస్టమ్‌కు మాటలు నేర్పిందెవరు?"

శారదాంబగారు నా వైపు చూశారు. అబద్ధం చెప్పాలనిపించింది. నోరు రాలేదు.

"నేనే నేర్పిన. మాట మాత్రం ఆయనదే."

"పదిలో ఏడు ముక్కలు ఇందులోనూ ఊహే కదా?" అన్నాడు సాకేత్. వెటకారం లేదు, అదే నన్ను ఎక్కువ మండించింది. "మా సిస్టమ్ మర్యాద నింపింది. మీది మీ కోపం నింపింది. తేడా ఏముంది మేడమ్?"

"నీకేం తెలుసురా!" అని అరిచాను.  వాడు చెప్పినదాంట్లో తప్పెక్కడుందో వెతుక్కుంటున్నాను, దొరకడం లేదు.

ఓదెలు మోచేత్తో బల్లను కొట్టాడు. అందరూ తిరిగారు.

"స్వరూపా" అంది సిస్టమ్. "నీ తిట్లు తీసెయ్యే. ఊహ బంద్ చెయ్యి. నా మాట నేనే చెప్త."

ఊహ ఆపేస్తే ప్రతి అక్షరానికీ గొంతు పూర్తిగా కదలాలి. ఆ కాలిన కండరాలతో! ఒక్కో ముక్కకు ఎంత గాలి ఖర్చవుతుందో నాకు తెలుసు. అప్పటికే ఎనిమిది నిమిషాలైంది.

"వద్దయ్యా. నీతోని కాదు."

ఆయన నా కళ్ళల్లోకి చూశాడు. రికార్డింగు ఆపేసిన రోజు చూసిన చూపే. అప్పుడు నాకు అర్థమైంది. ఆ రోజు చెప్పబోయిందేదో నా సిస్టమ్ మింగేసింది. సౌమ్య మింగినట్టే, నాది కూడా మింగింది. ఊహ ఆపేశాను.

స్పీకరులోంచి మొదట గరగర వచ్చింది. తర్వాత ఒక ముక్క. "సు..." చాలాసేపటికి ఇంకోటి. "...న్న."  ఓదెలు మెడ నరాలు తాళ్ళలాగ ఉబ్బాయి. ఒక ముక్క, రెండు ఊపిరులు, ఇంకో ముక్క. శారదాంబగారి పక్కన స్టెనో రాసుకుంటున్నాడు. పదకొండు నిమిషాలు అలా పోరాడాడు. ఆ ముక్కలన్నీ ఏరి కలిపితే ఆయన చెప్పింది ఇది.

"సున్న నేనే రాసిన. సంతకం నాదే. పదకొండు రోజుల సంది గ్యాస్ ఉండె. మీటరు చూపెట్టింది. చక్రధర్ సారు సున్న రాయుమన్నడు, రాసిన. ఆ పొద్దు భయమై మూడుసార్లు ఫోన్ జేసిన. నడిపియ్యుమన్నడు. మల్లేశం అడిగిండు, అన్నా మంచిగున్నదా అని. మంచిగున్నదన్న."

 పదకొండు రోజులు! ఆ పదకొండు రోజులూ ఇంటికొచ్చి నా చేతి అన్నం తిన్నాడు, నాతో పోట్లాడాడు, ఎదురింటి అరుగు మీద మల్లేశంతో కూర్చుని బీడీ తాగాడు. దొంగ సంతకమే కదా అని నేనడిగితే కళ్ళు మూసుకున్నాడు. ఈ మనిషి కోసమా నేను ఊరంతటితో తగువుపడ్డది? రెండు చేతులా మెడ పట్టుకుని ఊపెయ్యాలనిపించింది.

ఆ మెడ నీలంగా మారుతోంది. స్విచ్ మీదికి నా చేయి పోయింది. ఆయన మణికట్టుతో నా చేతిని తోసేశాడు. ఇంకా ఉంది. నోరు కదిపాడు.

"వాడు... న... మ్మిం... డు."

అక్కడికి అయిపోయింది. కుర్చీలో ఒరిగిపోయాడు. నేను మిషన్ ఆర్పి లేపాను.

నిమిషం నలభై. ఆయన చెంపలు రెండు చేతుల్లో పట్టుకుని అరిచాను. "పీల్చు! వదులు! పీల్చు! నాకెందుకు చెప్పలేదురా? పీల్చు! నాకన్న చెప్పద్దా? వదులు! సచ్చినవంటే ఊకోను, పీల్చు!" పెళ్ళయ్యాక ఆయన్ని రా అన్నది అదే మొదలు. పీల్చినప్పుడల్లా ఛాతీ ఎగిరి పడుతోంది. డెబ్బై. ఎనభై. సాకేత్ పరుగెత్తుకొచ్చి ఆయన తల నిలబెట్టి పట్టుకున్నాడు.  తెర వెలిగింది. పచ్చ లైటు వచ్చింది. పట్టీ ఊపిరిని తట్టింది, ఒకటి, రెండు, మూడు. ఓదెలు కళ్ళు తెరిచాడు.

శారదాంబగారు స్టెనో రాసిన కాగితం తన దగ్గరికి లాక్కుని, ప్రతి ముక్క మీదా వేలు పెట్టి చదివారు. మొదటి వాంగ్మూలాన్ని కొట్టేస్తున్నానన్నారు. చక్రధర్ పేరు రాశారు. దాని కింద ఓదెలు పేరు కూడా రాశారు. చక్రధర్ లేచి ఏదో అనబోతే "కూర్చోండి" అని ఒక్క కసురు కసిరారు. సాకేత్ తన బ్యాగు సర్దుకోవడం మర్చిపోయి మా బల్ల దగ్గరే నిలబడ్డాడు.  

అందరూ లేస్తున్నారు. కనకక్క మాత్రం వెనక వరసలోంచి తిన్నగా మా దగ్గరికి వచ్చింది. ఓదెలు ముందు నిలబడింది. ఐదు నెలల తర్వాత ఆమె ఆయన మొహం చూడడం అదే మొదటిసారి.

"అన్నా అని పిలిచె గదరా నిన్ను" అంది. గొంతు మెల్లగానే మొదలైంది. "తెల్లారి లేస్తే నీ మొఖమే జూసె. తెలిసి తోలినవా? తెలిసి తోలినవ్! నీ చెయ్యి ఇరగ, నీ కండ్లు వోను, నా పిల్లల ఉసురు నీకు తాక..."

ఓదెలు నోరు కదిలింది.

"మీ బాధను అర్థం చేసుకోగలను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అంది సౌమ్య.

కనకక్క నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయింది. చేత్తో చెంప మీద కొట్టినట్టు ఒక అడుగు వెనక్కి వేసింది.

నేను స్పీకరు తీగ పట్టుకుని ఒక్క లాగు లాగాను. తీగ తెగి నా చేతిలోకి వచ్చింది. పట్టీ మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంది, ఊపిరి ఆడుతూనే ఉంది. నోరు మాత్రం ఎవడిదీ లేదిప్పుడు.

"ఇగ అది మాట్లాడదక్కా" అన్నాను. "నువ్వను."

కనకక్క మళ్ళీ మొదలుపెట్టింది. ఆయన్ని తిట్టింది, ఆయన్ని కన్నవాళ్ళను తిట్టింది, వెనకేసుకొచ్చినందుకు నన్ను కూడా కలిపి తిట్టింది. హాలు ఖాళీ అయ్యేదాకా తిట్టింది. ఓదెలు తల దించలేదు, చూపు తిప్పలేదు. నేను పక్కనే నిలబడ్డాను గానీ అడ్డం పోలేదు.